గేటు తియ్యని వాళ్ళు

నాలుగు నెలలు కడుపులో దాచుకున్న మాటను కోటిరత్నం పోయిన వారం భాగంలో మొగుడి ముందు కక్కేసింది. ఆ మాటేమిటో తెలియనివాళ్ళకోసం నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం. పర్చూరుకు పది మైళ్ళ దూరంలో ఉన్న నల్లవాగుపాలెం వాడు యలమంద. సైన్యంలో నాయక్. కాంగో దేశంలో శాంతిసేన పోస్టులో కాపలా కాస్తూ కాస్తూ సెలవుమీద ఇల్లు చేరాడు. అక్టోబరు ఆఖర్లో వచ్చిన తుఫానుకి వాగు గట్టు తెగిందనీ, తల్లి ఆదెమ్మ గేదెను విప్పబోయి కొట్టుకుపోయిందనీ అప్పట్లో తండ్రి పిచ్చయ్య ఫోన్లో చెప్పాడు. దహనానికి అందుకునే దూరం కాదు. యలమంద అక్కడే తల గొరిగించుకుని, తండ్రి చెప్పిన మాటే నమ్ముకుని కూచున్నాడు. కోటిరత్నం చెప్పింది వేరు. ఆదెమ్మ గేదెకోసం పోలేదు. ఊరి చివర అంకమ్మరావు కోల్డ్ స్టోరేజీ గేటు ఊచలు పట్టుకుని, తియ్యండి తియ్యండని అరిచి అరిచి నీళ్ళలో పోయింది. ఆ గేటు తాళంచెవి మొలతాడుకు కట్టుకుని లోపల ఉన్న వాచ్‌మన్ ఇంకెవరో కాదు, పిచ్చయ్యే.

ఆ మాట చెవిన పడగానే యలమంద కంచం ముందునుంచి లేచాడు. చెయ్యి కడుక్కోలేదు, చెప్పులు వేసుకోలేదు. కోటిరత్నం "ఇదిగో, ఆగు, ఒక్క మాట విని పో" అంటూ వాకిలిదాకా వచ్చింది. ఆ మాట వినే స్థితిలో అతను లేడు.

ఫిబ్రవరి ఎండ నడినెత్తిన ఉంది. దారికి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయ ఆరబోసి ఉంది. రంగు పోయిన తాలుకాయ ఏరుతున్న ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, "ఏందయ్యా మిలట్రీ, ఆ పరుగు? శత్రువులొచ్చారా?" అని నవ్వబోయి, అతని మొహం చూసి ఊరుకున్నారు.

శత్రువులొచ్చారా అంటే ఏం చెప్పాలి? ఆ మధ్యాహ్నం ఎమ్మార్వో విచారణకు వస్తున్నాడు. వాగు తెగి నలుగురు పోయిన నాలుగు నెలలకి! దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు. మన ప్రభుత్వం వారు రెండు నెలలు ముందే మొరిగారు కనక మెచ్చుకోవాలి. ఆ విచారణలో పిచ్చయ్య ఏం చెబితే అదే కాయితమెక్కుతుంది. ఆ నలుగురూ ఎట్లా పోయారన్నదానికి ఇక ఎప్పటికీ అదే నిజం. పొద్దున్నే తండ్రి తెల్లచొక్కా తొడుక్కుని, "అయ్యగారు రమ్మన్నారు, ఏదో సంతకమంట" అని చెప్పి పోవడం యలమందకు ఇప్పుడు గుర్తొచ్చింది. సంతకం ఎందుకో ఇప్పుడే అర్థమయింది.

ఊరికొచ్చినప్పట్నుంచీ అతను అందరికీ కాంగో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తెల్లారకముందే లేచి ఇసకమూటల వెనక నిలబడటం, పొగమంచులో కొండలకేసి కళ్ళు చికిలించి చూడటం, పాలపొడి టీ తాగి తెల్లరంగు జీపులో బురదదారుల వెంట గస్తీ తిరగడం. అక్కడి ఆడవాళ్ళు నుదుటికి పట్టీ తగిలించి, వీపున ఇంతేసి బస్తా వేసుకుని కొండలెక్కుతుంటే, మన హమాలీలు వీళ్ళ దగ్గర పని నేర్చుకోవాలని నవ్వుకోవడం. పోస్టులో వంటవాడు పప్పులో వేసే కారం చూసి, "ఇది కారమా, ఇటుకపొడా? గుంటూరు జిల్లా పక్కనుంచి వచ్చినవాణ్ణి, నాకే పెడతావా?" అని రోజూ తగాదా పడటం. గురువారం గురువారం అరటిగెల నెత్తిన పెట్టుకుని వచ్చే ఫురాహా అనే ఆవిడకి ఇంటినుంచి తెచ్చుకున్న పండుమిరపకాయ పచ్చడి రుచి చూపిస్తే, ఆవిడ ఎగిరెగిరి పడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ చెయ్యి చాపడం. ఇవన్నీ చెప్పాడు. గేటు డ్యూటీ సంగతి ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేవాడు. ఎందుకు మార్చేవాడో కోటిరత్నానికి కూడా తెలియదు.

మనది కాని ఊరు, మనకు రాని భాష, మనకు సంబంధం లేని కక్షలు. ఎవడు ఎవణ్ణి ఎందుకు చంపుతున్నాడో చెప్పమంటే సుబేదారుకే నోరు పెగలదు. "మనం ఇక్కడ ఉన్నామని వాళ్ళు కంటినిండా నిద్రపోతారురా, అంతకన్నా ఏం కావాలి?" అనేవాడాయన. యలమందకు ఆ మాట నచ్చేది. ఇక్కడ తను ఎవరి తల్లులకో కాపలా కాస్తున్నాడు కాబట్టి, అక్కడ తన తల్లిని ఊరు కాపాడుతుందని మనసులో ఒక ఒప్పందం రాసుకున్నాడు. అవతలి పక్షం సంతకం లేని ఒప్పందం! ఆ వెర్రితనం తలుచుకుంటే ఇప్పుడు తనమీద తనకే ఒళ్ళు మండుతోంది.

కోల్డ్ స్టోరేజీ ముందు మిరపకాయ బస్తాలు, అదే టిక్కీలు, నింపుకొచ్చిన ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. హమాలీలు గోతాలు దించుతున్నారు. గేటు బార్లా తెరిచి ఉంది. లోపల ఛాతీ ఎత్తున సిమెంటు అరుగు, దానిమీద రేకుల వసారా. గదుల తలుపులు తియ్యనే అక్కర్లేదు, ఆ అరుగుమీద నిలబడనిస్తే పాలెం పాలెమంతా బతికేది. యలమంద ఆ అరుగును ఒక చివరనుంచి ఇంకో చివరదాకా చూశాడు. రెండొందలమంది పడతారు.

పిచ్చయ్య వాచ్‌మన్ గదిలో స్టూలుమీద కూచుని ఉన్నాడు. ఎదురుగా చెక్కబల్లమీద టైపు కొట్టిన కాయితం, దానిమీద బరువుకి పెన్ను. కొడుకును చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందిరా, అన్నం తినకుండా..."

"ఆ కాయితంలో ఏముంది నాయనా?"

"ఎమ్మార్వోగారికంట. నాకేం చదవొచ్చు?"

"చదవడం రాదు. వినడం వొచ్చుగా. వినిపించలేదా నీకు?"

యలమంద కాయితం లాక్కుని, ఊరంతా వినాలన్నట్టు గొంతెత్తి చదివాడు. "'వరద దినమున గేటు తెరచియే ఉన్నదనియు, పాలెం వాస్తవ్యులెవ్వరును లోనికి రాలేదనియు, నా భార్య ఆదెమ్మ పశువును విప్పుటకై పోయి మరణించినదనియు ఇందుమూలముగా వాంగ్మూలమిచ్చుచున్నాను.' బాగుంది. నువ్వు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడన్నా 'ఇందుమూలముగా' అన్నావా నాయనా? మా అమ్మ చావు నీ నోటితో కాకుండా అంకమ్మరావు నోటితో చెప్తున్నావే!"

"మెల్లగా మాట్లాడరా. అయ్యగారు ఆఫీసు గదిలోనే ఉన్నారు."

"ఉండనీ! గేటు తెరిచుందా ఆ రోజు?"

హమాలీలు ఎక్కడి గోతాలు అక్కడ వదిలేసి చూస్తున్నారు. పిచ్చయ్య ఇరవై రెండేళ్ళు ఆ గేటు దగ్గర కాపలా కాసిన మనిషి. దొంగ ఎలుక కూడా తన కన్నుగప్పి పోలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

"లేదు," అన్నాడు చివరికి. "తెల్లారి ఏడింటికి నీళ్ళొచ్చినయ్. నేను అయ్యగారికి ఫోను చేశా. 'గేటు తీశావంటే పాలెమంతా లోపలికొచ్చి పడుద్ది, గదుల తలుపులు తోసేస్తారు, తేమ కొట్టి టిక్కీలన్నిటికీ బూజు పట్టుద్ది. నేను చెప్పిందాకా తియ్యమాక' అన్నాడు. మళ్ళీ చేద్దామంటే ఫోను చచ్చిపోయింది. ఆయన ఉప్పు తిన్నానురా ఇన్నేళ్ళూ. ఎట్టా తియ్యమంటావు?"

"నలభైమంది గేటు పట్టుకుని ఏడుస్తుంటే ఉప్పు గుర్తొచ్చిందా నీకు? ఆ ఉప్పు నీ ఇంట్లో వండిపెట్టింది ఎవరు నాయనా? అంకమ్మరావా, మా అమ్మా?"

"మీ అమ్మ అక్కడుందని నాకు తెలీదురా! దేవుడి తోడు! స్కూలుకేసి పోయి ఉంటదనుకున్నా. అది గేటు దగ్గరుందని తెలిస్తే ప్రాణం పెట్టనా? ఒక్క కేక వేస్తే తియ్యనా?"

"వేసింది మావయ్యా."

గుమ్మంలో కోటిరత్నం నిలబడి ఉంది. ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది. నాలుగు నెలలుగా మామగారికి కంచంలో అన్నం పెట్టి పక్కకు జరిగేదే తప్ప, ఆయనతో ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. ఇదే మొదటిసారి.

"నేను బయట ఆగి ఉన్న లారీ ఎక్కా. అత్తకు చెయ్యి అందించబోతే అందలా. గేటు ఊచలు పట్టుకుని నిలబడింది. ముందు నిన్ను ఎప్పుడూ పిలిచినట్టే పిలిచింది, 'యలమంద నాయనా, యలమంద నాయనా' అని. వాన హోరులో అది గేటు దాటి లోపలికి రాలా. నీళ్ళు రొమ్ముదాకా వొచ్చినయ్. అప్పుడు పిలిచింది మావయ్యా, నీ పేరు పెట్టి. 'పిచ్చయ్యా! ఒరే పిచ్చయ్యా, గేటు తియ్యరా!' అని. లారీమీదున్న మేమందరం విన్నాం. నువ్వు వినలేదా?"

పిచ్చయ్య స్టూలుమీద కూలబడ్డాడు. ఆ తరం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలికితే ఆయుష్షు తగ్గుతుందని నమ్మేవాళ్ళు. రేషన్ కార్డువాళ్ళు వచ్చి మీ ఆయన పేరేమిటని అడిగితే, ఆదెమ్మ పక్కింటి పిల్లను పిలిచి చెప్పించేది. ముప్ఫై నాలుగేళ్ళ కాపరంలో ఆమె నోట ఆ మూడక్షరాలు ఒక్కసారి కూడా రాలేదు.

"విన్నాను," అన్నాడు పిచ్చయ్య నేలకేసి చూస్తూ. "విన్నానమ్మా. ఆ వసారా స్తంభం దగ్గరే ఉన్నా. ఆడమనిషి గొంతు. మీ అత్త గొంతులాగే అనిపించి నాలుగడుగులు ముందుకు కూడా వేశా. కానీ అది నా పేరు పెట్టి పిలిచింది. నా పెళ్ళాం ఎన్నడన్నా నా పేరు పలికిందా? పలకదు. అందుకని ఆగిపోయా. ఇది కాదులే, ఇంకెవరో అనుకున్నా."

వచ్చేటప్పుడు యలమంద మనసులో ఎన్నో తిట్లు పోగుచేసుకుని వచ్చాడు. ఆ మాటతో అవన్నీ ఎగిరిపోయి ఒక్కటే మిగిలింది.

"ఇంకెవరో అయితే?" అని అరిచాడు. బల్లమీద ఒక్క గుద్దు గుద్దితే పెన్ను ఎగిరి కింద పడింది. "ఇంకెవరో అయితే చచ్చినా ఫరవాలేదా? వాళ్ళకు మొగుళ్ళు లేరా? కొడుకులు లేరా? నీ పెళ్ళాం కాకపోతే తియ్యక్కర్లేదని ఎవరు చెప్పారు నీకు? ఇంకెవరో అంట, ఇంకెవరో! ఆ నీళ్ళలో పోయిన మిగతా ముగ్గురూ ఇంకెవరోనేగా! ఏం మనిషివి నాయనా నువ్వు?"

అరుస్తూ అరుస్తూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. ఎవరూ ఆపలేదు. నోట్లోంచి బయటికి పోయిన మాట తిరిగొచ్చి తనకే తగిలితే మనిషి ఎట్లా ఆగుతాడో అట్లా ఆగాడు. గోడకు ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూచున్నాడు. కోటిరత్నం భయపడి దగ్గరికి వచ్చింది.

"ఏమయింది? ఏందట్టా అయిపోయావు?"

"నేనూ తియ్యలేదు రత్నం," అన్నాడు.

"ఏంది తియ్యలేదు?"

"డిసెంబర్లో. మా పోస్టులో ఆ రోజు గేటు డ్యూటీ నాది. మధ్యాహ్నం పక్క కొండమీద తుపాకులు పేలినయ్. ఊరు ఊరంతా మావైపు పరిగెత్తుకొచ్చింది. ఆడవాళ్ళు, పసిపిల్లలు. వైర్‌లెస్‌లో అడిగా. 'ఆగు, మేం చెప్పేదాకా ఎవర్నీ లోపలికి రానియ్యొద్దు' అన్నారు. వాళ్ళలో కలిసి తుపాకులవాళ్ళు వస్తారేమోనని. ఆగాను. నలభై నిమిషాలు ఆగాను. తియ్యమని ఆర్డరు వొచ్చేసరికి ఆ తుపాకులవాళ్ళు వెనకనుంచి వచ్చి కాల్చేశారు. కంచె బయట తొమ్మిదిమంది. శవాలు మోసింది మేమే."

అరుగుమీద కూలింగ్ మిషను హోరు ఒక్కటే వినిపిస్తోంది.

"ఫురాహా..." అంది కోటిరత్నం. పచ్చడి తిన్న మనిషి కథ ఆమెకు తెలుసు.

"ఆ గుంపులో ఉండే ఉంటది. నేను చూడలా. చూస్తే గేటు తియ్యాల్సొస్తదని తల పక్కకు తిప్పుకున్నా. తరవాత మళ్ళీ ఏ గురువారమూ రాలేదు. ఎవర్నీ అడగలేదు నేను. అడిగితే చెప్తారని భయం." తండ్రికేసి చూశాడు. "నిన్ను తిట్టే హక్కు నాకు లేదు నాయనా. అయినా తిడతా. నన్ను నేను తిట్టుకున్నట్టే నిన్నూ తిడతా. మనిద్దరం చేసింది ఒకటే పని. దాన్ని కాయితంమీద ఇంకోలాగా రాయనియ్యను."

పిచ్చయ్య వంగి కింద పడ్డ పెన్ను తీసి, మూత పెట్టి, బల్లమీద పెట్టాడు. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి అడ్డంగా చించేశాడు.

సరిగ్గా అప్పుడే గేటులోకి జీపు వచ్చింది. ఎమ్మార్వో దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, నీటుగా దువ్వుకున్న తల, చంకలో ఫైలు. ఆఫీసు గదిలోంచి అంకమ్మరావు చల్లగా నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. ఖద్దరు చొక్కా, మెడలో పులిగోరు. ఆఫీసు గది కిటికీ వాచ్‌మన్ గది పక్కనే ఉంటుంది. ఆ కిటికీ తెరిచి ఉందన్న సంగతి యలమంద అప్పుడు గమనించాడు.

కొబ్బరిబొండాలు, కుర్చీలు, మర్యాదలు అన్నీ అయ్యాయి. ఎమ్మార్వో ఫైలు తెరిచాడు. "వాచ్‌మన్ ఎవరయ్యా?"

"నేనేనయ్యా. పిచ్చయ్య." ముసలాయన చేతులు కట్టుకోకుండా నిలబడ్డాడు. "గేటు తెరిచి లేదయ్యా ఆ రోజు. తాళంచెవి నా మొలలోనే ఉంది. తియ్యమాకని అయ్యగారు ఫోన్లో చెప్పారు. తియ్యనిది నేను. నా ఇల్లాలు గేటు పట్టుకునే పోయింది."

ఎమ్మార్వో కలం గాలిలోనే ఆగింది. అంకమ్మరావు నవ్వు చెరగలేదు.

"పెళ్ళాం పోయిన కాణ్ణించి ముసలాడికి మతి సరిగ్గా లేదండీ. పోనీ ఆయన చెప్పిందే నిజమనుకుందాం. పైవాడు తియ్యొద్దన్నాడు, కిందవాడు తియ్యలేదు. అదేం నేరమండీ? కావాలంటే వాళ్ళ అబ్బాయినే అడగండి. మిలట్రీ మనిషి. కాంగోలో ఇతని గేటు ముందు తొమ్మిదిమంది పోయారంట. ఇప్పుడే నా చెవులారా విన్నా. ఆయనకి సర్కారు పతకం ఇచ్చిద్ది, మా పిచ్చయ్యకి సంకెళ్ళు వేసిద్దా?" అని యలమంద వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏరా అబ్బాయ్, నీ పైవాళ్ళకి నేనొక ఉత్తరం ముక్క రాయనా? ఊళ్ళో కూచుని సైన్యం గుట్టు బయటపెడుతున్నావని? ఉద్యోగం ఉంటదా? ఆలోచించుకో. మీ నాయన్ని ఇంటికి తీసుకుపో."

కోటిరత్నం మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక్కి లాగుతోందో ముందుకు తోస్తోందో ఆమెకే తెలియదు. ఆ ఉద్యోగంమీదే ఆ ఇల్లు నిలబడి ఉంది.

ఎమ్మార్వో తలెత్తాడు. "ఏమయ్యా, ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమేనండీ," అన్నాడు యలమంద. గొంతులో ఇందాకటి అరుపు లేదు, కోపం మాత్రం చెక్కుచెదరలేదు. "రాసుకోండి. ముందు నాదే రాయండి. తొమ్మిదిమంది. దానికింద మా నాయనది రాయండి, నలుగురు. దానికింద ఫోన్లో తియ్యొద్దన్న పెద్దమనిషిది. ఆ పెద్దమనిషి పేరు వదిలేస్తే నేను సంతకం పెట్టను, మా నాయన్ని పెట్టనియ్యను. ఆ రోజు లారీ ఎక్కి బతికినవాళ్ళు పాలెంలో పాతికమంది ఉన్నారు. ఒక్కొక్కరినీ నేనే తీసుకొచ్చి మీ ముందు కూచోబెడతా."

హమాలీల్లోంచి ఎవరో "నేనూ వస్తా" అన్నారు. అంకమ్మరావు మొహంలో నవ్వు మొదటిసారి తగ్గింది.

ఎమ్మార్వో ఏమీ రాయలేదు. అంకమ్మరావుకేసి ఒకసారి, ముసలాయనకేసి ఒకసారి చూశాడు. తరవాత యలమందను ఎంతో అభిమానంగా పలకరించాడు.

"దేశంకోసం అంత దూరం పోయినవాడివి. నీలాంటివాళ్ళంటే నాకు చాలా గౌరవమయ్యా. సెలవు ఇంకా ఎన్నాళ్ళుంది?"

"పదకొండు రోజులండీ."

ఎమ్మార్వో జేబులోంచి చిన్న డైరీ తీసి, తీరిగ్గా పేజీలు తిప్పి, ఒక తేదీ దగ్గర వేలు పెట్టాడు.

"అయితే విచారణ పన్నెండో రోజున పెట్టుకుందాం," అని ఫైలు మూసేశాడు.